వంగుడు నిషేధం

గున్నమ్మ ఆ ఆఫీసులో అద్దాలు తుడవబట్టి పదకొండేళ్లయింది. ప్రాంతీయ ప్రమాణాల మండలి అంటే ఊళ్లో ఎవరికీ తెలియదు గానీ, తూకపురాళ్లకు ముద్రలేసే ఆఫీసంటే ఏ ఆటోవాడైనా తిన్నగా గేటు దగ్గర దింపుతాడు. మూడంతస్తుల మేడ. రెండు వందల పన్నెండు కిటికీలు. ఆ మేడకు ప్లాను గీసినాయన ఎవరో గానీ గాలీ వెలుతురూ అంటే ప్రాణం పెట్టే మనిషై ఉంటాడు. ప్రతి కిటికీనీ నేలకు జానెడు ఎత్తులో మొదలుపెట్టి తలమీది దాకా లాక్కుపోయాడు. వాటిని తుడిచే మనిషికి నడుమనేది ఒకటుంటుందని ఆయనతో ఎవరూ చెప్పినట్టు లేదు.

పై అద్దాలతో గున్నమ్మకు పేచీ లేదు. చెయ్యి చాపితే అందుతాయి. తంటా అంతా కింది అద్దాలతోనే. వంగి తడపాలి, వంగి రుద్దాలి, రబ్బరు కర్రతో వంగి నీళ్లు లాగాలి. మధ్యలో నేలమీదున్న బకెట్లో గుడ్డ ముంచి పిండాలంటే మళ్లీ వంగాలి. ఆషాఢంలో ఒక సోమవారం, సరిగ్గా డైరెక్టరు గారి గది ముందు, వంగిన గున్నమ్మ వంగినట్టే ఉండిపోయింది. గదులూడ్చే రావులమ్మ వచ్చి చంకల కింద చేతులేసి లేపితే గానీ నిలబడలేకపోయింది.

మర్నాడు ఆమె సూపరింటెండెంటు విశ్వపతి దగ్గరికి వెళ్లింది.

"బాబూ, రెండే రెండండి. బకెట్టెట్టుకోడానికి ఓ ఎత్తుపీట. రబ్బరు కర్రకి ఓ పొడుగు పిడి. గుడ్డ నడుం ఎత్తునుంటే నాను వొంగక్కర్లేదు. అంతేనండి."

విశ్వపతి మంచివాడే. కాకపోతే ముప్పై ఏళ్ల సర్వీసులో కాగితం లేకుండా దాహం కూడా వెయ్యని స్థితికి వచ్చాడు.

"నోటిమాటగా చెబితే ఎలా గున్నమ్మా? విషయం నడుముకు సంబంధించింది. పైకి పంపాలి" అన్నాడు.

పైన డైరెక్టరు హేరంబరావు గారున్నారు. ఆయన ముందువారమే ఏదో కొండమీద హోటల్లో మూడురోజుల సదస్సుకు వెళ్లి వచ్చారు. సదస్సు పేరు 'కార్యస్థలంలో వెన్నెముకకు గౌరవం'. తిరిగొచ్చిన దగ్గర్నుంచీ గౌరవించడానికి ఒక వెన్నెముక కోసం ఆఫీసంతా వెతుకుతున్నారు. అలాంటి సమయంలో గున్నమ్మ నడుము కాగితం రూపంలో ఆయన బల్లమీదికి వచ్చింది.

"పీట! పీటా?" అన్నారు ఆయన బాధగా. "విశ్వపతీ, పీట అనేది తాత్కాలిక ఉపశమనం. మనం సమస్య మూలాల్లోకి వెళ్లాలి. అసలు మనిషి వంగవలసిన అగత్యం ఎందుకు కలుగుతోంది?"

విశ్వపతికి తెలిసిన జవాబు, కింది అద్దాలు కింద ఉండటం వల్ల అని. అది చెప్పకపోవడం వల్లనే ఆయన సూపరింటెండెంటు అయ్యాడు.

తొమ్మిదిమందితో కమిటీ ఏర్పడింది. తొమ్మిదిమందిలో ఒక్కరూ జన్మలో కిటికీ తుడిచి ఎరగరు. అందువల్ల వారి అభిప్రాయాలు నిష్పాక్షికంగా ఉంటాయని డైరెక్టరు గారు సంతోషించారు. నగరం నుంచి డాక్టర్ నిశ్చలానంద్ అనే భంగిమల నిపుణుణ్ని రప్పించారు. ఆయన మెడా వీపూ ఒకే కర్రతో చేసినట్టుండేవి. ఎవరైనా పిలిస్తే మనిషంతా తిరిగేవాడు. కమిటీ కుర్చీల్లో కూర్చుని చూస్తుంటే గున్నమ్మ వాళ్ల ముందు రోజంతా అద్దాలు తుడిచింది. ఆమె వంగినప్పుడల్లా నిశ్చలానంద్ పుస్తకంలో ఒక గీత గీశాడు. సాయంత్రానికి గీతలు ఆరు వందల నలభై. కమిటీ ఒక్కుమ్మడిగా "అయ్యో" అంది. గున్నమ్మకు ఆ అయ్యో ఎంతో హాయిగా తోచింది. పీట వచ్చేస్తుందనుకుంది.

పీట రాలేదు. సర్క్యులర్ వచ్చింది.

'ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, ఈ కార్యాలయ ఆవరణ యందు ఎవరును ఇరవై డిగ్రీలకు మించి నడుము వంచరాదు. అతిక్రమించిన వారు క్రమశిక్షణా చర్యలకు బాధ్యులగుదురు.'

అందరి నడుములకూ అగ్గిపెట్టెంత యంత్రాలు కట్టారు. ఇరవై డిగ్రీలు దాటితే అది కీచుమంటుంది. ఎంత దాటారో, ఎన్నిసార్లు దాటారో నిశ్చలానంద్ గదిలో కంప్యూటరు రాసుకుంటుంది. రావులమ్మ దానికి కీచుపెట్టె అని పేరు పెట్టింది.

గున్నమ్మ మళ్లీ విశ్వపతి దగ్గరికి వెళ్లింది.

"మరి కింది అద్దాలేటి సెయ్యమంటారండి?"

"అవి ప్రభుత్వ పరిశీలనలో ఉన్నాయి."

"పీటో?"

విశ్వపతి జాలిగా నవ్వాడు. "పీట దేనికమ్మా అడిగావు? వంగుడు తగ్గించడానికి. ఇప్పుడీ ఆఫీసులో వంగుడే లేదు. లేనిదాన్ని తగ్గించడానికి పీటెలా శాంక్షన్ చేస్తారు? ఆడిట్‌కు ఏం చెబుతాం?"

గున్నమ్మకు ఇందులో తప్పెక్కడుందో దొరకలేదు. దొరకనందుకు తనమీద తనకే కోపం వచ్చింది. ఆ కోపంలోనే వెళ్లి నీళ్లు నింపిన బకెట్‌ను ఎత్తబోయింది. కీచుమంది. మొదటి మెమో చేతికొచ్చింది.

ఆమె తెలివితక్కువది కాదు. వంగకుండా గొంతుక్కూర్చుని తుడిచి చూసింది. మూడోరోజు కల్లా గొంతుక్కూర్చోరాదని ఇంకో సర్క్యులర్ వచ్చింది. సరే అని కింది అద్దం ముందు నేలమీద బాసింపట్టు వేసుకుని, వీపు నిలువుగా పెట్టి తుడవడం మొదలెట్టింది. నడుము హాయిగా ఉంది. కీచుపెట్టె కిమ్మనలేదు. ఆ పూట పద్నాలుగు అద్దాలు మెరిశాయి. సాయంత్రం విశ్వపతి రెండో మెమో తెచ్చి, తనే చదివి వినిపించాడు.

"'కార్యాలయ సమయమందు నేలపై కూర్చొనుట ధర్నాగా పరిగణింపబడును. తాము ఏ సంఘము తరఫున కూర్చుంటిరో, తమ డిమాండ్లు ఏమిటో ఇరవై నాలుగు గంటల్లో తెలుపవలెను.' చెప్పు గున్నమ్మా, డిమాండ్లేమిటి?"

"డిమాండేటండి బాబూ! ఆ పీటేనండి."

"అంటే డిమాండు ఉన్నట్టు ఒప్పుకుంటున్నావన్నమాట" అంటూ విశ్వపతి రాసుకున్నాడు.

మూడో మెమో అంటే ఇంటికే. ఇంట్లో మొగుడు పైడయ్య ఉన్నాడు. జూటుమిల్లు మూతపడ్డాక ఆ మిల్లు దుమ్ము మాత్రం అతని ఊపిరితిత్తుల్లో మిగిలిపోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఇల్లంతా గున్నమ్మ రెక్కల మీదే నడుస్తోంది. ఆ రోజునుంచి ఆమె కింది అద్దాల వంక చూడటం మానేసింది. కుళాయి దగ్గర గుడ్డ తడుపుకొచ్చి పైవాటిని మాత్రం రోజూ తుడుస్తూ కర్రలా నడిచేది.

శ్రావణంలో వానలు పట్టుకున్నాయి. కింది అద్దాలమీద బురద చింది, ఎండి, మళ్లీ చిందింది. ఆఫీసులో నిషేధం మాత్రం దినదినమూ ఎదిగింది. గోడల పొడవునా నేలకు ముప్పై అంగుళాల ఎత్తులో పసుపు గీత గీశారు. గీత కిందున్నదేదీ ఎవరూ ముట్టరాదు. రావులమ్మ చీపురు వెనక్కి తీసుకున్నారు. పొడుగు కర్ర చీపురిమ్మంటే, ఊడ్వవలసిన చెత్త గీత కిందే ఉన్నది గనుక అది ఈ కార్యాలయ పరిధిలోకి రాదన్నారు. ప్లగ్గులన్నీ గీత కిందివే. ఊడినవి ఊడినట్టే ఉన్నాయి. గుమాస్తాలు జారవిడిచిన పెన్నులు, సీళ్లు, ఒక జత కట్టుడుపళ్లు నేలమీద పడివున్నాయి. ఆ పళ్లెవరివో అందరికీ తెలుసు. ఆయన నెలరోజులుగా సెక్షన్లో మాట్లాడటం లేదు. అన్నిటికన్నా ముఖ్యం, బీరువాల అడుగు అరల్లో ఉన్న ఫైళ్లు. అడుగు అరల్లో ఉండేవి ఏళ్ల తరబడి నానుతున్న జనం ఫైళ్లే కాబట్టి, అవి కదలకపోవడంలో తేడా ఎవరికీ తెలియలేదు.

ఒకరోజు గున్నమ్మ ద్వారబంధం పక్క అద్దం తుడుస్తుంటే చింతపండు అమ్ముకునే సన్యాసయ్య వచ్చాడు. తక్కెడకు లైసెన్సు కాగితం కోసం చాలాకాలంగా తిరుగుతున్నాడు. డెబ్బై దాటాయి. నడుము ఏనాడో వంగిపోయింది. ఎదుటి మనిషి మొహం చూడాలంటే తల పక్కకు తిప్పి ఎత్తాలి. బయటివాళ్లకు కీచుపెట్టె కట్టి లోపలికి పంపమని అప్పటికి ఉత్తర్వు. గార్డు కట్టీ కట్టకముందే అది గోల పెట్టింది.

"నిటారుగా రా తాతా. లేకపోతే లోపలికి పంపకూడదు" అన్నాడు గార్డు.

"నిటారుగా ఉన్నప్పుడే దరకాస్తు ఎట్టాను బాబూ" అన్నాడు సన్యాసయ్య. "తిరగ్గా తిరగ్గా ఇలాగైపోనాను."

విశ్వపతి వచ్చి, "మీ ఫైలు సిద్ధంగానే ఉంది, కానీ గీత కింద ఉంది" అని ఓదార్చి, మెడికల్ బోర్డు నుంచి వంపు జన్మతః వచ్చినదా, అలవాటుచొప్పున వచ్చినదా అనే సర్టిఫికెట్టు తెమ్మని పంపేశాడు. ముసలాయన మెట్లు దిగుతుంటే గున్నమ్మ గుడ్డ పిండటం మర్చిపోయి నిలబడింది. తన నడుం నొప్పి తనకే చాలదన్నట్టు, అది ఊరందరికీ చుట్టుకుంటోంది. నోరు మూసుకుని నొప్పి పడివుంటే బాగుండేదేమో అనిపించింది. ఆ తలపు వచ్చినందుకు మళ్లీ ఒళ్లు మండింది.

భాద్రపదంలో కబురొచ్చింది. రాష్ట్రంలోనే తొలి వంగుడురహిత కార్యాలయంగా మండలికి అవార్డు ఇవ్వడానికి రాజధాని నుంచి కార్యదర్శి మందాకిని గారు స్వయంగా వస్తున్నారని. హేరంబరావు గారు ఆనందంతో ఆఫీసంతా తిరిగి చూసి, కింది అద్దాల దగ్గర ఆగిపోయారు. బురద తప్ప అద్దం కనబడటం లేదు.

"తుడిపిద్దామా సార్, ఒక్కరోజు మినహాయింపు ఇచ్చి?" అన్నాడు విశ్వపతి.

"వంగి అవార్డు తీసుకుంటామా? ఏం మాటలవి!" అన్నారు డైరెక్టరు గారు. బురద వంక మళ్లీ చూసి, "శుభ్రంగా ఉన్న అద్దాలకు ఫోటోలు తీయించండి. నిలువెత్తు ఫ్లెక్సీలు వేయించి అతికించేద్దాం" అన్నారు.

ఫ్లెక్సీలు వచ్చాయి. మెరిసే అద్దం, అద్దం వెనక నీలాకాశం, ఒక కొంగ. తీరా చూస్తే అతికించాల్సింది గీత కింద. అక్కడ అతికించాలంటే వంగాలి. కమిటీ రెండు రోజులు చర్చించి, వాటిని గీత పైన అతికించవచ్చునని తీర్మానించింది. అలా గున్నమ్మ రోజూ తుడిచి తళతళలాడిస్తున్న పై అద్దాలన్నిటిమీదా శుభ్రమైన అద్దాల బొమ్మలు అంటించారు. పట్టపగలు ఆఫీసు చీకటైంది. ప్లగ్గులున్న దీపాలు వెలగవు గనుక, సీలింగుకున్న మసక లైట్ల కిందనే అందరూ తడుముకుంటూ తిరిగారు.

"నాను తుడిసిన అద్దాల మీద అద్దాల బొమ్మలేటే రావులమ్మా" అంది గున్నమ్మ.

"ఊరుకో వదినా. మన మొహాలమీద మన ఫోటోలంటించలేదు, సంతోషించు" అంది రావులమ్మ.

అవార్డు రోజున మందాకిని గారు కారు దిగారు. పొట్టిగా, అలసిపోయినట్టుండే మనిషి. హేరంబరావు గారు పూలగుత్తితో ఎదురెళ్లి అలవాటు కొద్దీ నడుము దాకా వంగిపోయారు. కీచుమంది. ఆయన వెనక వరుసగా నిలబడ్డ పద్నాలుగుమంది ఆఫీసర్లూ వంగారు. పద్నాలుగు పెట్టెలూ ఒక్కసారి కీచుమన్నాయి. కార్యదర్శి గారు అదిరిపడ్డారు. నిశ్చలానంద్ నిలువునా ముందుకొచ్చి, "ఇది వినయవంపు మేడమ్. నిబంధన నాలుగు ప్రకారం, పై అధికారుల సమక్షంలో వచ్చే వంపు వెన్నెముకకు హాని చెయ్యదు. అక్కడ వెన్నెముక ప్రమేయం ఉండదు" అని వివరించాడు.

సభ మొదలైంది. గున్నమ్మ గోడవారన గుడ్డ పట్టుకుని నిలబడింది. మందాకిని గారు ప్రశంసాపత్రం చదవడానికి కళ్లజోడు తీశారు. చీకట్లో అది చేతిలోంచి జారి, నేలమీద పడి, బల్ల కిందికి వెళ్లింది.

అంతా దానివంక చూశారు. ఎవరూ కదల్లేదు. కళ్లజోడు తియ్యడం వినయం కిందికొస్తుందా, పని కిందికొస్తుందా అని నిశ్చలానంద్ పుస్తకం తిరగేస్తున్నాడు. హేరంబరావు గారు పళ్లు బిగించి, "గున్నమ్మా" అన్నారు.

గున్నమ్మ నిటారుగా నిలబడే అంది: "నాకు రెండు మెమోలున్నాయండి. కాయితం మీద రాసి ఇప్పించండి, వొంగుతాను."

"వంపు అనుమతి ఫారం!" అని గొణుగుతూ విశ్వపతి పరుగెత్తాడు. దానిమీద తొమ్మిదిమంది సంతకాలు చెయ్యాలి. అయిదోవాడు సెలవులో ఉన్నాడు.

మందాకిని గారు కొంచెంసేపు ఓపిక పట్టారు. తర్వాత "నేనే తీసుకుంటా లెండి" అని గబుక్కున వంగారు. వంగి, "అమ్మా!" అన్నారు. ఇక లేవలేదు.

ఆఫీసర్లందరూ ఆమె చుట్టూ స్తంభాల్లా నిలబడ్డారు. "మేడమ్, తమరు దయచేసి లేవాలి" అని హేరంబరావు గారు ప్రార్థించారు. "మేడమ్ ప్రస్తుతం డెబ్బై అయిదు డిగ్రీలలో ఉన్నారు" అని నిశ్చలానంద్ ప్రకటించాడు.

ఆ మూలుగు గున్నమ్మకు తెలుసు. ఆషాఢంలో తన గొంతులోంచి వచ్చింది అదే మూలుగు. గుడ్డ పక్కన పడేసి జనాన్ని తోసుకుంటూ వెళ్లి, కార్యదర్శి పక్కన వంగింది. కీచుపెట్టె అరుస్తూనే ఉంది.

"లేవాలని సూడకండమ్మగోరూ. ఊపిరి ఇడిసీండి. అలాగ. ముందు మోకాళ్లు మడవండి. సెయ్యి నా భుజమ్మీదెయ్యండి. నడుంతో కాదు, కాళ్లతో లేవండి. నానున్నాను."

ఇద్దరూ నెమ్మదిగా లేచారు. గున్నమ్మ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, వీపు వెనక చుట్టిన ఫ్లెక్సీ ముక్క పెట్టింది.

"ఇదంతా నీకెలా తెలుసమ్మా?" అన్నారు మందాకిని గారు చెమట తుడుచుకుంటూ.

"నాకు వారానికోపాలి వస్తాదండి" అంది గున్నమ్మ.

కార్యదర్శి గారు ఆమె పేరు అడిగి తెలుసుకున్నారు. తర్వాత అవార్డు బల్లమీద పెట్టి, కారు వెనక సీట్లో పడుకుని వెళ్లిపోయారు.

సాయంత్రానికి మూడో మెమో వచ్చింది. 'ఉద్దేశము ప్రాణరక్షణయే అయినను, వంపు వంపే' అని అందులో ఉంది. పై ఆఫీసు నుంచి తొలగింపు ఉత్తర్వు వచ్చేదాకా పనిలో ఉండవచ్చన్నారు. గున్నమ్మ పైడయ్యకు చెప్పలేదు. అన్నం వడ్డించి తను తినకుండా లేచిన రోజులు పన్నెండు గడిచాయి. పదమూడోరోజున కవరొచ్చింది. విశ్వపతి దాన్ని చదువుతూ చదువుతూ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"'ఉన్నతాధికారులు స్వయముగా వంగుట వలన పరిపాలనకు వాటిల్లు నష్టమును గుర్తించి, ప్రతి కార్యాలయమునకు ఒక వంపు సహాయకుని నియమించడమైనది. అధికారుల తరఫున వంగుట వారి విధి. వంపు విషయమున వారికి ఎట్టి పరిమితియు వర్తించదు.' మన ఆఫీసుకు నీ పేరే రాశారు గున్నమ్మా. పర్మనెంటు పోస్టు!"

గున్నమ్మ చెయ్యి నడుంమీద వేసుకుని అడిగింది.

"నడుం నొప్పెడతందని సెప్పినందుకు ఇచ్చారేటండి బాబూ ఇది?"

విశ్వపతి ఉత్తర్వు మడిచి ఆమె చేతిలో పెట్టి, "కంగ్రాచ్యులేషన్స్" అన్నాడు.

ఆమె చేరింది. చేరక ఏం చేస్తుంది? మొదటిరోజు పొద్దున్నే అడుగు అరల దగ్గరికెళ్లి, ఎవరూ చెప్పకముందే సన్యాసయ్య ఫైలు లాగి, సంతకానికి బల్లమీద పెట్టింది. పదకొండు గంటలకు డైరెక్టరు గారి గంట మోగింది. ఆయన కాలు చాపుకుని కూర్చున్నారు. బూటు లేసు ఊడిపోయింది.

గున్నమ్మ ఆ బూటు వంక చూసింది. పదకొండేళ్లలో ఎన్ని వేలసార్లు వంగిందో లెక్కలేదు గానీ, ఇంత ఎత్తునుంచి ఎప్పుడూ వంగలేదనిపించింది. పక్కనే ఉన్న విశ్వపతితో నెమ్మదిగా అంది.

"బాబూ, ఇది ఆఫీసు పనాండి, సొంత పనాండి? ఆఫీసుదైతే కాయితం కావాల కదండి. నాకు మూడు మెమోలున్నాయి."

విశ్వపతి మొహం వెలిగింది. అది ఆయనకు అర్థమయ్యే భాష. "న్యాయమైన సందేహం సార్. బూటు ప్రభుత్వ ఆస్తి కాదు. కానీ బూటు లేనిదే తమరు తనిఖీకి వెళ్లలేరు. కమిటీకి పెట్టాలి."

హేరంబరావు గారు కాదనలేరు. ఆ కమిటీ ఆయనదే. లేసు విషయమై ఫైలు తెరుచుకుంది. తేలేదాకా లేసు ముట్టరాదని నిశ్చలానంద్ చెప్పాడు. ఆయన కాలు చాపుకునే కూర్చున్నారు.

గున్నమ్మ తన బకెట్‌ను వరండాలోకి, హాలు కిటికీ దగ్గరికి తెచ్చుకుంది. మూలన, వంగుడు మీద వచ్చిన సర్క్యులర్లు సెక్షనుకో కాపీ చొప్పున కట్టలు కట్టి ఉన్నాయి. నాలుగు కట్టలు ఒకదానిమీద ఒకటి పేర్చి బకెట్‌ను దానిమీద పెట్టింది. నడుం ఎత్తుకు సరిగ్గా సరిపోయింది. ఇంకో రెండు కట్టలు కింది అద్దం ముందు వేసుకుని, వాటిమీద కూర్చుని, వీపు నిలువుగా పెట్టి బురద కడగడం మొదలెట్టింది. నేలమీద కూర్చోలేదు గనుక అది ధర్నా కాదు. వంగలేదు గనుక పెట్టె మోగలేదు. విశ్వపతి సర్క్యులర్లు తిరగేద్దామని వచ్చాడు గానీ, ఆమె వాటిమీదే కూర్చుని ఉంది.

రెండు నెలల బురద నల్లగా కారి, అద్దం తేటపడింది. హాలు నేలమీదికి ఎండ జరజరా పాకింది. పైన ఇంకా ఫ్లెక్సీలే ఉన్నాయి. అందువల్ల వరండాలో వరుసలో నిల్చున్న జనానికి లోపలి ఆఫీసర్ల మొహాలు కనబడలేదు. పసుపు గీత కిందివే కనబడ్డాయి. బల్లల కింద బూట్లు విప్పేసి ఆడుతున్న కాళ్లు, నేలమీద పెన్నులు, పళ్ల జత, అడుగు అరల్లో తమ పేర్లున్న ఫైళ్లు, వాటన్నిటికీ అవతల, తెరిచిన గది తలుపులోంచి, లేసు ఊడి గాల్లోకి చాచి ఉన్న డైరెక్టరు గారి కుడికాలు.

ముందొకడు చూశాడు. చూసి పక్కవాణ్ని పిలిచాడు. ఇంతలో వరుసంతా కిటికీ దగ్గర గుమిగూడి, మోకాళ్ల మీద చేతులానించి, హాయిగా వంగి చూస్తూ పగలబడి నవ్వుతోంది.

"ఏమిటి గున్నమ్మా ఆ గోల? ఎందుకు నవ్వుతున్నారు వాళ్లు?" అన్నారు హేరంబరావు గారు లోపల్నుంచి, కాలు దించకుండానే.

"అద్దం బాగా తుడిసానంటన్నారండి" అని గున్నమ్మ కట్టలు జరుపుకుని రెండో అద్దానికి నీళ్లు కొట్టింది.